ఉప్పునీళ్లకు ఐస్ ఎందుకు?

"వైరస్ కోదాడ ఐస్ ఫ్యాక్టరీలో ఉంది. ఏ రూపంలో ఉందో తెలియదు. ఎల్లుండి పదకొండింటికి పాలకీడులో గొర్రెలకు టీకాల క్యాంపు. మూడు వేల గొర్రెలు. ఈలోపే పట్టుకోవాలి" అన్నాడు చీఫ్, సూర్యాపేట బస్టాండు వెనక ఆపిన జీపులో.

"క్యాంపుకీ దానికీ సంబంధం ఏమిటి, సార్?"

"సర్కారు టీకా వేసిన మందలే అమ్మతల్లి, అదే గొర్రెల మశూచి, సోకి చస్తే, ఇక ఏ గొర్రెలకాపరీ మన టీకా ముట్టడు. అప్పుడు సముద్రం అవతలి కంపెనీ తన మందు పట్టుకొస్తుంది. వైరస్ దాచిన ముఠా దానిదే. టీకా పొడి మన ల్యాబ్‌లో పరీక్షించాం, శుభ్రంగా ఉంది. ఫ్యాక్టరీలో మనవాడొకడున్నాడు. పేరు నీకు చెప్పకూడదు. కోడ్ వర్డ్: 'నిడమనూరుల వాన పడ్డదా?' జవాబు: 'కళ్లం ఎత్తినంక పడ్డది.'"

అలా 1974 మే నెలలో ఏజెంట్ జగదీశ్ గోలీసోడా వ్యాపారి వేషంలో కోదాడలో దిగాడు. రెండు రోజుల్లో ఫ్యాక్టరీ మూడుసార్లు గాలించాడు. అనుమానించదగ్గ సీసా ఒక్కటీ దొరకలేదు. కోడ్ వర్డ్ ఇద్దరి మీద ప్రయోగించాడు. అందులో గేటు దగ్గరి ముసలాయన అరగంట సేపు నిజంగానే వాన గురించి మాట్లాడాడు.

క్యాంపు రోజు పొద్దున ఏడున్నరకు డాక్టర్ శ్యామల వచ్చింది. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, మల్లెపూల సెంటు. వైరస్‌ల మీద పెద్ద చదువు చదివిన మనిషి. ముఠా కబుర్లు చీఫ్‌కీ, చీఫ్ కబుర్లు ముఠాకీ అందిస్తుందని ఆఫీసులో అందరికీ తెలుసు. లోపలికొస్తే ఒక మాట చెబుతానంటే, అనుమానపడుతూనే ఆమె వెంట ఐస్ గదిలోకి నడిచాడు.

వెనక తలుపు మూసుకుంది. బయట గడియ పడింది.

"డాక్టరమ్మా, రెండు పడవల మీద కాళ్లు పెట్టినవ్" అంది బయటినుంచి ఫ్యాక్టరీ యజమాని బద్రీనాథ్ గొంతు. "ఇగ సల్లగ కూసో. సోడా సారు తోడున్నడు గద."

జగదీశ్ సిగరెట్ లైటర్ తీసి మీట నొక్కాడు. అది ట్రాన్స్‌మిటర్. చలి ఆపడానికి జానెడు మందం బెరడు, దానిమీద రేకు పరిచిన గోడలు దాని నోరు నొక్కేశాయి. ఆఫీసువాళ్లు సూర్యాపేట ఎండలో పరీక్షించి ఇచ్చిన వస్తువది. పావుగంటలో అతని వేళ్లు కొయ్యబారాయి. బయట ఊరంతా ఉడికిపోతుంటే, లోపల అతని మీసాల మీద మంచు పేరుకుంటోంది.

"వైరస్ ఎక్కడుంది?"

"నాకు చెప్పలే. పెంచి ఇచ్చింది మాత్రం నేనే" అంది శ్యామల, దాచకుండా. "ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఇప్పిస్తమన్నరు. ఆశపడ్డ."

"మూడుసార్లు వెతికాను."

"కణంల వెతికినా అంతే. లోపలికి పోంగనే వైరస్ పై తొడుగు విప్పేస్తది. ఇగ ఎంత సూసినా కనబడదు. కణం సామానుతోనే తన భాగాలు తయారు చేయిస్తది. లోపలి సరుకు వేరే, పై తొడుగు వేరే. అన్నీ ఒక మూలకు చేరినంకనే మళ్లా వైరస్ అయితది. కణంల పట్టాలసొంటి దారులున్నయంటున్నరు ఈ మధ్య. వాటి మీద అంచుకు పోతది. ఈ పాఠమంతా బద్రీనాథ్‌కు నేనే చెప్పిన."

మాట్లాడకపోతే నిద్ర ముంచుకొస్తుందని అతను మాటలకోసం చుట్టూ చూశాడు. గోడవారన ఐస్ ముక్కల తొట్టిలో ఒక పెట్టె మూత పడి ఉంది. మీద చీటీ: సెలైన్, పాలకీడు క్యాంపు.

"ఇదేమిటి?"

"టీకా పొడిల కలిపే ఉప్పునీళ్లు. రెండ్రోజులు గీడనే ఉండె. తెల్లారి జీపుల పోయినయి."

"ఉప్పునీళ్లకు ఐస్ ఎందుకు?"

శ్యామల ఆ చీటీని మళ్లీ చదివింది. ఉత్త ఉప్పునీళ్లు అటకమీద పడేసినా చెడిపోవు. చల్లగా ఉంచాల్సింది ప్రాణమున్న సరుకునే. పొడిని పరీక్షించారు. నీళ్లను ఎవరూ చూడలేదు. రెండూ వేర్వేరు దారుల్లో పోయి, క్యాంపులో కాంపౌండర్ చేతిలో కలుస్తాయి.

టైమ్ ఎనిమిదిన్నర.

"బయటపడేది ఎలా?"

"వైరస్ గోడ బద్దలుకొట్టే పోవాల్నని లేదు. కణం పొరనే కప్పుకొని పోతది" అంటూ ఆమె గోడలో, దిమ్మెలను బయటినుంచి లాక్కునే చిన్న కిటికీ వైపు చూసింది. దాని కింద మిర్యాలగూడ లారీకి పోవాల్సిన ఐస్ దిమ్మెలు, ఊక పోసిన గోనెసంచుల్లో కుట్టి, వరసగా ఉన్నాయి.

ఒక సంచి కుట్లు విప్పి దిమ్మెను బయటకు దొర్లించారు. జగదీశ్ లోపల ముడుచుకున్నాడు. ఆమె ఊక పోసి, సంచుల పక్కన పడున్న దబ్బనం తీసుకుంది.

"మరి మీరు?"

"రెండో సంచి ఎవరు కుడతరు?"

కుట్టు వెనక కుట్టు పడుతుంటే వెలుగు సన్నబడి పోయింది. ఇద్దరికీ పనిచేసిన మనిషి తనను సంచిలో కుడుతోంది. ఆమె బద్రీనాథ్‌ను ఒక్క కేక వేస్తే చాలు. జగదీశ్‌కు భయమేసింది. చిన్నప్పుడు తాతగారి ధాన్యం గుమ్మిలో తను పడ్డ రోజు తర్వాత అంత భయం ఎన్నడూ ఎరగడు.

తొమ్మిదింటికి కిటికీ తెరుచుకుంది. హమాలీ కొక్కెం సంచిలోకి దిగి, చెవికి రెండు వేళ్ల దూరంలో ఆగింది.

"గిదేంది, మెత్తగున్నది?"

"ఏమైందిరా లింగ్యా?" బద్రీనాథ్ గొంతు, పక్కనే.

ఇక పోయేదేముంది. "నిడమనూరుల వాన పడ్డదా?" అన్నాడు జగదీశ్ ఊకలోంచి, గుసగుసగా.

కొక్కెం కదల్లేదు.

"కళ్లం ఎత్తినంక పడ్డది" అన్నాడు లింగ్యా.

"ఎవలితోని మాట్లాడుతున్నవ్?"

"నా నడుమునొప్పితోని, సేటూ."

హుజూర్‌నగర్ దాటకముందే, సంచితోపాటే లారీ ఎక్కిన లింగ్యా కుట్లు కోసేశాడు. "డాక్టరమ్మ లోపలే ఉంది. కోదాడకు ఫోన్ చేయించు" అని జగదీశ్ లింగ్యాను అక్కడి పోలీస్ స్టేషన్ ముందు దింపి, లారీని పాలకీడుకు తోలించాడు.

క్యాంపులో కాంపౌండర్ మల్సూర్ మందు కలిపేశాడు. మొదటి గొర్రె చర్మం చిటికెడు పైకెత్తి సూది ఆనించాడు. ఒళ్లంతా ఊకతో, నీలంరంగు పెదాలతో ఉన్న మనిషి ఒకడు వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు. సూది లాక్కుని, కలిపిన మందుతో సహా పెట్టెలో పెట్టి, మూతవేసి దానిమీద కూర్చున్నాడు. గుర్తింపు కార్డు ఐస్ గదిలో పడిపోయింది. పళ్లు టకటకమంటుంటే ఒక్క మాటా తిన్నగా రావడం లేదు. కాపర్లు కర్రలతో చుట్టుముట్టినా లేవలేదు.

గంటకు పోలీసు జీపు వచ్చింది. బద్రీనాథ్ దొరికాడట. తలుపు తీసేసరికి శ్యామల దబ్బనం పట్టుకునే కూర్చుని ఉందట. బేడీలు వేస్తుంటే ఒక్కటే అడిగిందట, "ఆగిందా?" అని. జగదీశ్ తల ఊపాడు, ఆమెకే చెబుతున్నట్టు. కళ్లు చెమర్చాయి.

అంతసేపూ అతని వణుకు చూస్తున్న పెద్దకాపరి గౌరయ్యకు మనసు కరిగింది.

"ఎండదెబ్బ తాకినట్టున్నది పాపం, పిలగానికి. ఆ లారీల ఐస్ ఉన్నది గద, జర నెత్తిమీద పెట్టుండ్రి" అన్నాడు.

బద్రీనాథ్ చేతిలో ఒక్క కేక కూడా వెయ్యని ఏజెంట్ జగదీశ్, మొదటిసారిగా పెట్టె మీదినుంచి లేచి పరుగెత్తాడు.