జడ లాగే మెట్లు

ఆ బడిలో రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య వెనక మెట్లున్నాయే... వాటి పేరెత్తితే గడుసు పిల్లలు కూడా గప్‌చుప్ అయిపోతారు.

ఎందుకంటే అక్కడ జడదెయ్యం ఉంది.

మెట్లు తిరిగే మలుపు దగ్గర బల్బు పెడితే వారం తిరక్కుండా పోతుందట. ముందు మెట్లకేమో ఆరింటికల్లా తాళం. సాయంత్రం క్లాసు వదిలాక దిగాలంటే ఇక ఇదొక్కటే దారి. కంట్లో వేలు పెట్టుకున్నా కనబడని చీకటి. ఆడపిల్ల ఒంటరిగా దిగిందా... వెనకనుంచి జడ పట్టుకుంటుంది. అరవబోతే నోరు నొక్కుతుంది. అందుకే పిల్లలు అక్కడికొచ్చేసరికి జడలు కాలర్లోకి దోపుకుని, చేతులు పట్టుకుని, ఒక్క పరుగున కిందికి దిగిపోతారు.

మగపిల్లల జోలికి మాత్రం రాదట. ఎందుకో ఎవరూ అడగలేదు.

బళ్ళో పిల్లలకి జ్వరమొచ్చినా, మోకాలు చెక్కుకుపోయినా చూసి, ఏమైందో పుస్తకంలో రాసిపెట్టే గది ఒకటుంది. దాంట్లోకి కొత్తగా ఒక నర్సు వచ్చింది. ఈ భాగోతమంతా ఆమెకి చెప్పింది ఆయమ్మే.

"నీకేం భయంలేదులే సిస్టరమ్మా! మగరాయుడి క్రాఫు నీది. పట్టుకుందామన్నా అక్కడేముంది దెయ్యానికి?" అని పకపకా నవ్వింది.

నర్సూ నవ్వింది. నాలుగో రోజు సాయంత్రం దాకా నవ్వింది.

ఆ రోజు ఆరున్నరకి గది తలుపు కొద్దిగా తెరుచుకుంది. తొమ్మిదో తరగతి పిల్ల. ఒక జడ బాగానే ఉంది. రెండోది విడిపోయి భుజం మీద వేలాడుతోంది. రిబ్బను లేదు. మెడ వెనక మూడు గోళ్ళ గీతలు.

"అయ్యో... జడుసుకుంది! పుస్తకంలో రాసెయ్ సిస్టరమ్మా" అని ఆయమ్మ నీళ్ళ కోసం పరిగెత్తింది.

నర్సు దూదితో మందద్దింది. పిల్ల గోడకేసి చూస్తోంది. ఉన్నట్టుండి, గుసగుసగా...

"అక్కా... దెయ్యాలు సెంటు కొట్టుకుంటాయా?"

దూది ఎక్కడున్నది అక్కడే ఆగిపోయింది.

"ఎవరో తెలుసా?"

తలూపింది. "పదో తరగతి. బ్యాడ్జి పెట్టుకుంటాడే... లీడరు. టీచరుకి చెప్పా. చీకట్లో జడుసుకుని ఏదేదో ఊహించుకోకు, పోయి పడుకో అంది."

"మీ అమ్మకి చెప్దాం."

"నేను చెప్తే నమ్మదక్కా. మా అమ్మకి బళ్ళోవాళ్ళు ఎంతంటే అంత." నర్సు కోటు జేబు గట్టిగా పట్టుకుంది. "మీరు పుస్తకంలో రాస్తే నమ్ముతుంది. ఏడింటికొస్తుంది."

అప్పుడే ఫోను మోగింది. బడి నడిపే పెద్ద మేడమ్.

"ఏం రాశారు?"

"ఇంకా లేదండీ. పిల్లేమో వేరే చెప్తోంది..."

"జడుసుకుందని రాయండి. ఎప్పుడూ రాసేదే. అటు పిల్ల పరువూ ఇటు బడి పరువూ నిలబడతాయి. నేనొస్తున్నా."

నర్సు పుస్తకం తెరిచింది. పేజీలు తిప్పింది. జడుసుకుంది. జడుసుకుంది. జడుసుకుంది... నాలుగేళ్ళలో పదిహేడు సార్లు. అందరూ ఆడపిల్లలే. అన్నీ సాయంత్రాలే. రాసిన చేతులు మారాయి, మాట మారలేదు.

వెనక్కి, వెనక్కి... మొట్టమొదటిసారి రాసిన చోట వేలు ఆగింది. అక్కడ కాగితం గరుగ్గా ఉంది. తెల్లరంగు పూశారు. "జడ" అన్నది ఒక సిరా. "డ"కి పెట్టిన కొమ్ము ఇంకో సిరా. "సుకుంది" అన్నది తెల్లరంగు మీద.

గోటితో గీకింది. పెచ్చులూడాయి. అడుగునున్న అక్షరాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి...

జడ పట్టుకుని మలుపులోకి లాగాడు.

అంతే. అప్పటి నర్సు ఉన్నదున్నట్టు రాసింది. ఎవరో "డ"కి ఒక కొమ్మిచ్చి, మిగతాది పూడ్చేశారు. ఆ కాగితం మీదే మనిషి మాయమయ్యాడు. దెయ్యం పుట్టింది.

కానీ వాడెవడో బడి వదిలి ఏనాడో పోయుంటాడే... మరి మిగతా పదహారు?

నర్సు టార్చి తీసుకుని లేచింది.

"వద్దక్కా!" అంది పిల్ల.

వినలేదు. ఒక అంతస్తు ఎక్కింది. రెండు. టార్చి ఆర్పేసింది. గోడ తడుముకుంటూ ఒక్కో మెట్టు... ఒక్కో మెట్టు... మలుపు దగ్గరికొచ్చేసరికి ముక్కుకి ఘాటుగా తగిలింది...

సెంటు.

పైన చీకట్లో గుసగుసలు.

"ఎవరో వస్తున్నార్రా..."

"రానీరా, మనకేంటి? మా సీనియర్లు ముందే చెప్పారు. ఈ మెట్ల మీద ఏం జరిగినా దెయ్యం మీదకే పోద్ది."

టార్చి వెలిగించింది. ఇద్దరు. ఒకడి చేతిలో విప్పిన బల్బు. రెండోవాడి చొక్కా మీద బ్యాడ్జి తళుక్కుమంది. వేలికి చుట్టుకుని నీలం రిబ్బను.

ఉలిక్కిపడతారనుకుంది. పడలేదు. బ్యాడ్జివాడు చాలా మర్యాదగా అన్నాడు...

"పైకి రాకండి మేడమ్. ఇక్కడ దెయ్యముంది."

రిబ్బను లాక్కుని ఎలా దిగిందో ఆమెకే తెలీదు. గదిలోకొచ్చి పడేసరికి పెద్ద మేడమ్ కుర్చీలో కూర్చునుంది. ముందు పుస్తకం.

"చూశానండీ! నా కళ్ళతో చూశా. ఇద్దరున్నారు. బల్బు వాళ్ళే తీస్తున్నారు. ఇదిగో రిబ్బను..."

పెద్ద మేడమ్ అడ్డు చెప్పలేదు. తలూపుతూ పెన్ను తీసింది. రాస్తోంది! నర్సుకి ప్రాణం లేచొచ్చింది. ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. పెన్ను ఆగలేదు.

బయట గేటు చప్పుడైంది.

"వాళ్ళమ్మ వచ్చినట్టుంది. నేను మాట్లాడతా. మీరు కాస్త మంచినీళ్ళు తాగండి" అని మేడమ్ లేచి వెళ్ళిపోయింది.

నర్సు పుస్తకం తనవైపు తిప్పుకుంది. సిరా ఇంకా ఆరలేదు. కొత్తగా రెండు వరుసలు.

తొమ్మిదో తరగతి విద్యార్థిని... జడుసుకుంది.

దాని కిందే...

కొత్త నర్సు. చీకట్లో ఒంటరిగా మెట్లెక్కి, ఏదేదో చూశానంటోంది. జడుసుకుంది.

పిల్ల మెడ చాచి చదివింది. మంచం మీద నెమ్మదిగా గోడవైపుకి జరిగి, పక్కన ఇంకొకరికి చోటిచ్చింది.