దాసమ్మ తెచ్చిన బొంత

ఆదివారం పొద్దున అమ్మణ్ణి పక్క వాటాకు నీళ్లు వదలడానికి మోటారు వేసింది. ఆ వాటాలో సోలార్ కంపెనీ ఇంజనీర్లు నలుగురున్నారు. గుమ్మం ముందు నాలుగు జతల బూట్లు, గోడ మేకులకు నాలుగు హెల్మెట్లు. బాడిగ తొమ్మిది వేలు. మూడు నెలల కిందటి వరకు అక్కడ దాసమ్మ ఉండేది. జాకెట్లు కుట్టుకుంటూ మూడు వేలకు పదకొండేళ్లు ఉంది. సోలార్ పార్కు పనులు మొదలయ్యాక పావగడలో ఏ సందులోనూ మూడు వేలకు ఇల్లు లేదు.

అమ్మణ్ణి కూతురు ప్రార్థన ముందురోజే బెంగళూరు నుంచి వచ్చింది. వంటింట్లో చిత్రాన్నం కలుపుతోంది. ఆమెకు పెళ్లై ఆరేళ్లు. పిల్లల్లేరు.

గేటు చప్పుడైంది.

"అమ్మణ్ణక్కా, ఉండావా?"

దాసమ్మ. అమ్మణ్ణి చెయ్యి మోటారు స్విచ్చి మీదే ఉండిపోయింది.

"వెంకటమ్మనహళ్లిలో ఉండాను ఇప్పుడు. రేకుల గది, పదహారు నూర్లు. ప్రార్థన వచ్చిందని నిన్న అంగట్లో మీ ఆయన చెప్పినాడు. బిడ్డని చూసి పోదామని..."

సంచిలోంచి చిన్న బొంత తీసింది. పాత చీరల ముక్కలు కలిపి కుట్టినది. నడుమ ఉన్న ఆకుపచ్చ ముక్క అమ్మణ్ణి ఎప్పుడో ఆమెకిచ్చిన చీరది.

ప్రార్థన బయటికొచ్చింది. "ఏ బిడ్డ, దాసమ్మక్కా?"

"నీ బిడ్డే తల్లీ. నువ్వు కాన్పుకి వస్తాండావు, వాటా కావాలని అమ్మ చెప్పింది గదా. అందుకే గదా నేను ఖాళీ చేసింది. మగబిడ్డా, ఆడబిడ్డా?"

దాసమ్మ చూపు పక్క వాటా బూట్ల మీదికి, హెల్మెట్ల మీదికి పోయింది. బొంతను అరుగు మీద పెట్టింది.

"బస్సుకు టైమాయె," అని వెళ్లిపోయింది.

ప్రార్థన తల్లి వైపు తిరిగింది. "నాకు బిడ్డ కావాలని అన్ని గుళ్లూ తిరిగినావు. బాడిగ కోసం నువ్వే పుట్టించేసినావా?"

"పదకొండేండ్లు ఉండినామె. ఎక్కువ బాడిగ వస్తాది, పొమ్మని మొగం మీద ఎట్ల చెప్పేది?"

"అది చెప్పలేక నా కడుపు అడ్డం పెట్టుకున్నావా?"

ప్రార్థన గదిలోకి పోయి తలుపేసుకుంది.

అమ్మణ్ణి చెప్పులు వేసుకుని, బొంత తీసుకుని బస్టాండుకు నడిచింది. దాసమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది.

"అబద్ధం చెప్పినాను దాసమ్మా. కాన్పూ లేదు, ఏం లేదు. వాళ్లు తొమ్మిది వేలు ఇస్తామనిరి."

"బూట్లు చూసినాను గదక్కా. ఆ మాటే చెప్పింటే నేనే పోతాంటిని. బాడిగిండ్లు మారేది మాకు కొత్తనా? ఆ పిల్లకి కాన్పు సులువుగా కావాలని మొక్కుకుంటా కుట్టినాను దీన్ని."

అమ్మణ్ణి బొంత అందించబోయింది. దాసమ్మ తీసుకోలేదు.

"వాళ్లని ఖాళీ చెయ్యమంటాను. పాత బాడిగకే వచ్చేయి."

"వాళ్లకేం చెప్తావు? మళ్లీ కాన్పనా?"

అమ్మణ్ణి తల దించుకుంది. "లేదు. నిజమే చెప్తాను."

బస్సు వచ్చింది. దాసమ్మ లేచింది. "నువ్వు పిలిస్తే రానక్కా. ప్రార్థన పిలిస్తే వస్తాను."

ఇంటికొచ్చేసరికి గది తలుపు ఇంకా వేసే ఉంది. అమ్మణ్ణి గడప దగ్గర కూర్చుంది. దాసమ్మ అన్న ప్రతి మాటా తలుపుకు చెప్పింది. మొక్కుకుంటూ కుట్టిందన్న మాట దగ్గర ఆగి, కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చెప్పింది.

గొళ్లెం తీసిన చప్పుడైంది. ప్రార్థన కళ్లు ఎర్రగా ఉన్నాయి. తల్లి ఒళ్లోంచి బొంత తీసుకుంది. ఆకుపచ్చ ముక్క మీది కుట్లను వేలితో తడిమింది.

"దాసమ్మక్క ఫోన్ నంబరుండాదా?" అని అడిగింది.