గుమ్మంలోకి బండి

పొద్దున్నే పెసరట్లు పోస్తూ బంగారమ్మ కూతుర్ని కేకేసింది. "శిరీషా, బియ్యం డబ్బాలో మూట తీసి మీ నాన్నకివ్వవే. కాకినాడ వెళ్లి నీ నర్సు ట్రైనింగు ఫీజు కట్టేసొస్తారు. రేపే ఆఖరు రోజు."

శిరీష డబ్బా అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికింది. మూట లేదు. తండ్రి సూర్యారావు చేతిలో పెసరట్టు ముక్క నోటిదాకా వెళ్లకుండానే ఆగిపోయింది.

"ఆ డబ్బుతో వ్యాను బుక్ చేసేను," అన్నాడు తలొంచుకుని. "అమలాపురం షోరూంలో. వాళ్లే లోను ఇప్పిస్తామన్నారు. తీరా వాయిదాలు చూసుకుంటే మన వల్ల కాదనిపించింది. అడ్వాన్సు తిరిగిచ్చెయ్యమంటే వాపసు లేదంటున్నారు."

మస్కట్ నుంచి తిరిగొచ్చాక ఖాళీగా కూర్చోవడం ఆయనకి నామోషీ అని బంగారమ్మకి తెలుసు. కానీ చుట్టూ గోదారి ఉన్న లంకలో కాపురం పెట్టుకుని వ్యానేమిటి? నావ దాటితే గాని రోడ్డే కనబడదు! పైగా అది ఎండుచేపల తట్ట నెత్తినెట్టుకుని సంతలన్నీ తిరిగి ఆమె కూడబెట్టిన డబ్బు.

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా అండీ?"

"అడిగితే వద్దంటావని..."

"వద్దంటానని తెలిసే చేసేరన్నమాట!"

"పోనీలే అమ్మా, వచ్చే ఏడు చేరతాను," అంది శిరీష. ఆ మాట బంగారమ్మకి ఎక్కడో గుచ్చుకుంది. పొయ్యి ఆర్పేసి కొంగు దోపింది.

"లేవండి. వెళ్దాం."

షోరూంలో మేనేజరు రమణబాబు మర్యాదగా కుర్చీలు వేయించాడు. అడ్వాన్సు అడిగితే మర్యాదగానే కుదరదన్నాడు.

"ఆయ్, మీ కష్టం అర్థమైందమ్మా. కానీ వాపసు లేదని రసీదు మీదే ఉందండి. మాట మాటే కదండీ. బండి తీసుకోవడం ఒక్కటే దారి."

సూర్యారావు లేవబోయాడు. బంగారమ్మ కదల్లేదు. రాజోలు సంతలో వీళ్ల షోరూం ప్రచారం మైకు ఆటో తన తట్ట పక్కనే ఆగి, చేపల బేరం వినబడకుండా హోరెత్తించిన సంగతి గుర్తొచ్చింది.

"అయితే బండే తీసుకుంటామండి," అంది. "గుమ్మంలోకి తెచ్చి, పంతులుగారితో పూజ చేయించి, దండేసి తాళాలిస్తామని మైకులో చెప్పేరు. అలాగే ఇస్తారా?"

"ఆయ్! రేపే తెస్తామమ్మా. ఇల్లెక్కడండి?"

"లంకలోనండి. రేవు కాడ జగ్గయ్య నావ ఉంటాది. వ్యానుని దానిమీదెక్కించి తీసుకొచ్చెయ్యండి."

షోరూంలో ఎవరో పకపకా నవ్వారు. రమణబాబు మొహంలో రంగు మారింది.

"అదెలా కుదురుతాదమ్మా? రేవు దగ్గర ఇస్తాం."

"మైకులో రేవనలేదండి, గుమ్మమన్నారు. రసీదు మాట మాకు మాటయితే, మైకు మాట మీకు మాట కాదా అండీ?"

ట్రాక్టరు బుక్ చేద్దామని వచ్చిన రైతు ఒకాయన చేతిలో డబ్బు మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. "ముందు ఆవిడ సంగతి తేల్చండి బాబూ. మాదీ లంకే," అన్నాడు. ఆయన వెనకున్న ఇద్దరూ అవునన్నారు.

రమణబాబు లోపలికెళ్లి ఓనరుతో మాట్లాడొచ్చాడు. అడ్వాన్సు పైసాతో సహా బల్ల మీద పెట్టి చేతులు జోడించాడు. బంగారమ్మా జోడించింది. లేస్తూ లేస్తూ, "దండొకటి చెప్పేరండి మైకులో," అని గుర్తుచేసింది. అందరూ గొల్లుమన్నారు. రమణబాబుకీ నవ్వాగలేదు. ఎవరి బండికో కట్టగా మిగిలిన బంతిపూల దండ తెచ్చి ఇచ్చాడు.

నావలో సూర్యారావు డబ్బు మూట ఆమె ఒళ్లో పెట్టాడు. "దాని చదువు తీసుకెళ్లి బండి చక్రాల కింద పెట్టేను బంగారం. నువ్వు లేకపోతే..."

ఆయన కళ్లలో నీళ్లు చూసి బంగారమ్మ కోపం కరిగిపోయింది. "ఊరుకోండి, జగ్గయ్య చూస్తున్నాడు," అని కొంగందించింది. "రేపు ఫీజు కట్టేసొచ్చి, ఎల్లుండి నుంచి నాతో సంతకి రండి. తట్ట బరువు మెడ లాగేస్తంది."

"ఆయ్," అన్నాడు సూర్యారావు. మస్కట్ మానేశాక ఆయన నోట అంత హుషారైన ఆయ్ ఆమె వినలేదు.

రేవులో శిరీష ఎదురుచూస్తోంది. బంగారమ్మ మూట పైకెత్తి చూపించింది. సూర్యారావు నావ ఆగకుండానే మోకాలిలోతు నీళ్లలోకి దూకి, పరిగెత్తుకెళ్లి దండ కూతురి మెడలో వేశాడు.

"బండి దండ నాకెందుకు నాన్నా!" అంటూ ఏడుస్తూ నవ్వింది శిరీష.

"గుమ్మం దాటి చదువుకెళ్లేది నువ్వే కదమ్మా," అన్నాడాయన.