టేపు అవతలి కొస

1984 మార్చి, ఆదివారం మధ్యాహ్నం. అమెరికా ఉత్తరాన సుపీరియర్ సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది. మంచులో కోసిన కంత పక్కన దెబోరా రబ్బరు సూటు తొడుక్కుంటుంటే, భర్త సుందర్ రాజ్ ఆమె నడుముకు తాడు కట్టాడు.

"చర్చి మానుకుని మరీ దిగాలా?"

"దిగాలి. మీరు టీ తాగుతూ తాడు చూసుకోండి."

అడుగున, తొంభై ఏళ్ళ కిందట మనుషులతో సహా మునిగిన కొయ్య ఓడ. కొలతలు పూర్తయితేనే దానికి ప్రభుత్వ రక్షణ. లేకపోతే మంచు కరగ్గానే ఓడ సామాను అమ్ముకునే కంపెనీ వచ్చి పీక్కుపోతుంది. ఇక కొలవాల్సింది వెనకభాగం ఒక్కటే.

దిగిన కాసేపటికే మాస్కులోని ఫోనులో సుందర్ గొంతు గరగరలాడింది. "చలికి బ్యాటరీ దిగిపోతోంది. పైకి రా."

"కొలిచే వస్తా."

ఫోనులో గరగర ఆగిపోయింది.

కొలత టేపు కొసను ఓడ గోడ మేకుకు తగిలించి, ఓడ గదిలోకి జరిగింది. దీపం వెలుగు చేయి చాచినంత దూరమే. రబ్బరు వాసన. తన ఊపిరి చప్పుడు. ఎక్కడో కొయ్య కిర్రుమంది.

టేపు వదులైంది. మేకు నుంచి జారిందేమో...

మళ్ళీ బిగిసింది. ఆమె లాగింది. అటునుంచీ లాగారు. మెల్లగా...

తాడు గుంజితే సుందర్ పైకి తీసేస్తాడు. చేయి తాడు మీదకు వెళ్ళింది. ఆగింది.

"పట్టుకుంటే కదలకుండా పట్టుకోండి," అంది. "కొలవాలి."

టేపు కదల్లేదు. అంకె చూసుకుంది. చిన్నప్పుడు "పోతున్నా" అంటే అమ్మ ఊరుకునేది కాదు. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"వెళ్ళొస్తాను."

"మంచిదమ్మా," అని చెవిలో వినిపించింది.

పైకొచ్చి మాస్కు తీసి మంచు మీద పెట్టింది. "కొత్తగా అమ్మా అంటున్నారేంటి?"

సుందర్ రాజ్ నవ్వలేదు. ఫోను బ్యాటరీ ఊడదీసి చంకలో వెచ్చబెట్టుకుంటున్నాడు. "'కొలిచే వస్తా' అన్నావు చూడు, అప్పుడే ఫోను చచ్చింది. ఏమైంది కింద?"

చెప్పింది.

"ఇంక దిగొద్దు, దెబోరా."

"దిగకపోతే ఎండాకాలానికి అక్కడ చెక్కముక్క మిగలదు. రెండో పక్క రేపు కొలుస్తా."

మాస్కులోంచి, సన్నగా... "ఎప్పుడొస్తావమ్మా?"

సుందర్ ఆమె చేయి పట్టుకున్నాడు. విడిపించుకుని, మాస్కు మీదకు వంగింది.

"రేపు. అందాకా ఓడని ఎవర్నీ ముట్టుకోనివ్వకండి."

మాస్కు మళ్ళీ గరగరలాడింది.

"అట్టాగేనమ్మా... ఆయన్ని కూడా తీసుకురా."