పదికి ఐదు

శనివారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు నాయనమ్మ ఐదు మాటలూ సరిగ్గా చెప్పింది. మనవరాలు తప్పన్నది.

ఆ ఇంట్లో అది రోజూ జరిగే పని. నాయనమ్మకు డెబ్బై నాలుగేళ్లు. రెండేళ్ల కిందట మతిమరుపు అనుమానం వచ్చినప్పుడు డాక్టరు ఒక అలవాటు చెప్పాడు. పొద్దున ఎవరైనా ఆమెకు ఐదు మాటలు చెప్పాలి. పది నిమిషాలయ్యాక అడగాలి. ఎన్ని గుర్తున్నాయో రాసిపెట్టాలి. మాటలు చెప్పడం మనవరాలి వంతు, రాయడం కోడలి వంతు. వంటింటి కేలండర్లో ప్రతి తేదీ కింద ఒక అంకె ఉంటుంది. ఎక్కువగా నాలుగు, అప్పుడప్పుడు ఐదు.

మనవరాలికి పదహారేళ్లు. సింగిల్ సీటర్ కార్ల జూనియర్ పోటీల్లో నడుపుతుంది. ఒక్కరే పట్టే కారు అది, చక్రాలు బయటికి ఉంటాయి, ముందూ వెనకా గాలి రెక్కలుంటాయి, నేరుగా ఉన్న చోట గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. ఏడాదిన్నర వచ్చేదాకా అడుగు వేయలేదని నాయనమ్మ ఆమెకు నత్త అని పేరు పెట్టింది. ఇంట్లో ఇప్పటికీ అదే పేరు.

ముందురోజు, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలకు ప్రాక్టీసులో మూడో మలుపు దగ్గర నత్త కారు గిర్రున తిరిగి టైర్ల గోడకు కొట్టుకుంది. తనే దిగింది. తనే నడిచి వచ్చింది. ట్రాక్ దగ్గరి డాక్టరమ్మ పరీక్షించి, నడపవచ్చని కాగితం ఇచ్చింది. ట్రాక్ నుంచి ఇల్లు నలభై నిమిషాల దూరం కాబట్టి తండ్రీ కూతుళ్లు ఇంటికొచ్చి పడుకున్నారు. శనివారం పదకొండింటికి క్వాలిఫయింగ్, రేసులో ఎవరి కారు ఎక్కడ నిలబడాలో తేల్చే పరుగు. ఆదివారం ఏడాదిలో ఆఖరి రేసు. నత్త పాయింట్లలో రెండో స్థానంలో ఉంది, మొదటి స్థానానికి తేడా నాలుగు. మొదటి స్థానంలో నిలిచినవారికి పై తరగతి జట్టు వచ్చే ఏడాది సీటు ఇస్తుంది. రెండో స్థానానికి ఏమీ లేదు.

"గొడుగు, నిచ్చెన, ఉప్పు, అద్దం, తాళం," అంది నాయనమ్మ. "ఇవాళ ఐదుకి ఐదు. రాసుకోవే కోడలా, పెద్దక్షరాలతో."

"రెండే నానమ్మా," అంది నత్త. "గొడుగు, తాళం. మిగతావి నేను చెప్పలేదు."

నాయనమ్మ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టింది. "చెప్పలేదూ?"

"లేదు. ఏవో కలిపేశావు."

నాయనమ్మ కోడలి వైపు చూసింది. నాయనమ్మ అక్క ఆఖరి మూడేళ్లు సొంత కొడుకును పోస్ట్‌మాన్ అనుకుంది. "అయితే నాకూ మొదలైందన్నమాట," అంది. చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

కోడలు, నత్త తల్లి, కుళాయి కట్టేసింది. ఆమె బడి బస్సు డ్రైవరు. పన్నెండేళ్లుగా నలభై మూడు మంది పిల్లలు వెనక అరుస్తుంటే, ఎవరు ఏం అంటున్నారో విడివిడిగా వినడం ఆమెకు అలవాటు. ఆ ఐదు మాటలు నత్త చెప్పినప్పుడు ఆమె అక్కడే, సింకు దగ్గరే ఉంది.

"మీరు చెప్పినవి ఐదూ సరే అత్తయ్యా."

"నానమ్మని ఊరికే ఆటపట్టించానమ్మా," అంది నత్త.

"సరే. ఆ ఐదూ నువ్వు చెప్పు."

"ఇప్పుడే చెప్పింది కదా!"

"అందుకే. నువ్వు చెప్పు."

"గొడుగు," అంది నత్త. "తాళం." కిటికీ వైపు చూసి, వెంటనే కళ్లు దించుకుంది. పొద్దుటి నుంచి కిటికీ వైపు వీపు పెట్టి కూర్చుందని తల్లి అప్పుడు గమనించింది. కప్పులో పాలు అలాగే ఉన్నాయి. కప్పు పక్కన బల్ల మీద కూడా కొన్ని ఒలికి ఉన్నాయి.

తండ్రి హెల్మెట్ సంచీతో లోపలికి వచ్చాడు. లారీల మెకానిక్. కూతురికి ఎనిమిదేళ్లప్పుడు చిన్న రేసు కార్ట్ కొనిచ్చింది ఆయనే. అప్పట్నుంచి ప్రతి రేసుకూ వెంట వెళ్లింది కూడా ఆయనే. "ఏడున్నరకి బయల్దేరకపోతే గేటు దగ్గర ఇరుక్కుంటాం. ఏమైంది, అందరూ అలా నిలబడ్డారు?"

"దీనికి బాగోలేదు," అంది తల్లి. "పది నిమిషాల కిందట తను చెప్పిన మాటలు తనకే గుర్తులేవు."

"నిద్ర చాలలేదులే. నిన్న డాక్టరమ్మ చూసింది కదా." సంచీ జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "ఇదిగో, నువ్వే చదువు. సీజన్ మొదట్లో ప్రతి డ్రైవరుకీ పది మాటలు చెప్పి అడుగుతారు, అది రాసిపెట్టుకుంటారు. దెబ్బ తగిలితే మళ్లీ అడిగి పోల్చి చూస్తారు. అప్పుడు పదికి ఐదు. నిన్న పదికి ఐదు. తేడా లేదు."

తల్లి కాగితం చదివింది. మళ్లీ మొదట్నుంచి చదివింది.

"సీజన్ మొదట్లో పదికి ఐదా?"

"ఆఁ."

"దీనికా? కొత్త ట్రాక్ వస్తే పద్నాలుగు మలుపులూ, ఎక్కడ బ్రేకు, ఎక్కడ గేరు, ఒక్క సాయంత్రంలో అప్పజెప్పే పిల్లకి పదికి ఐదా?"

"ఆ రోజు ఏదో ధ్యాసలో..."

"ఒరేయ్," అంది నాయనమ్మ. "చెవి మీద నుంచి చెయ్యి తియ్యి."

తండ్రి చెయ్యి దించాడు.

"ఏడేళ్లప్పుడు బెల్లం డబ్బా ఖాళీ చేసి కూడా ఇలాగే చెవి గోక్కుంటూ నిలబడ్డాడు," అంది నాయనమ్మ కోడలితో.

"చెప్పండి," అంది తల్లి.

ఆయన కుర్చీ లాక్కున్నాడు గానీ కూర్చోలేదు. సీజన్ మొదట్లో డాక్టరమ్మ గుడారం బయట వరుసలో నిలబడ్డప్పుడు ఇంకో డ్రైవరు తండ్రి చెప్పాడు. పదీ చెప్పనివ్వొద్దు, సగం చెప్పించు. పదీ చెప్పిన పిల్లలు చిన్న దెబ్బకే మూడు వారాలు ఇంట్లో కూర్చుంటారు. "అందరూ చేసేదే అన్నాడు. నేను దీంతో అన్నాను, ఐదు చెప్పి ఆపెయ్యమని."

"నాకు పదీ వచ్చు," అంది నత్త మెల్లగా. "ఆ రోజు పదీ గుర్తున్నాయి."

"నేను దగ్గు మందు తాగితే బస్సు తాళం ఇవ్వరు తెలుసా మీకు?" అంది తల్లి. గొంతు పెంచలేదు. "గంటకి ముప్పై కిలోమీటర్లు పోయే బస్సుకి. ఇది రెండు వందల్లో పోవాలి, మీరు దాని తలకాయ కొలతే మార్చి రాయించారు."

"అమ్మా, రెండు రోజులే," అంది నత్త. "ఇవాళా రేపూ. నాకేం లేదు, కాస్త తలనొప్పి. సోమవారం నుంచి నెల్లాళ్లు పడుకోమన్నా పడుకుంటాను. ఇప్పుడు వెళ్లకపోతే సీటు పోతుంది. ఎనిమిదేళ్లమ్మా."

"నిన్న ఏం జరిగిందో చెప్పు."

"గోడకి తగిలాను."

"తరవాత?"

నత్త పాల కప్పును పక్కకు జరిపింది. "మూడో మలుపు గుర్తుంది. వెనక చక్రాలు జారడం గుర్తుంది. తరవాత డాక్టరమ్మ వేళ్లు. ఎన్ని వేళ్లు అని అడగడం." తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, నన్ను కార్లోంచి ఎవరు తీశారు?"

తండ్రి బల్ల మీది కాగితం మడత పెట్టాడు.

"నువ్వే దిగావు తల్లీ. నువ్వే నడిచొచ్చావు. నాతో మాట్లాడావు కూడా."

"ఏం మాట్లాడాను?"

"ముందు రెక్క మార్చాలన్నావు."

"అంతేనా?"

"సరే మారుస్తారులే అన్నాను. మళ్లీ అడిగావు, ముందు రెక్క మార్చాలి నాన్నా అని. గుడారం దాకా వెళ్లేలోపు మూడోసారి అన్నావు." ఆయన కుర్చీ వీపు పట్టుకున్నాడు. "మూడుసార్లూ కొత్తగా చెబుతున్నట్టే చెప్పావు. నాకు భయం వేసింది. లోపలికెళ్లి డాక్టరమ్మతో చెప్పాలనుకున్నాను. ఆవిడ కాగితం చూసి తేడా లేదంది. నేను నోరు మూసుకున్నాను."

నాయనమ్మ లేచి మనవరాలి పక్కకు కుర్చీ జరుపుకుంది.

"రాత్రంతా దీని తలుపు దగ్గరే ఉన్నాను," అన్నాడు తండ్రి. "ఊపిరి వినిపిస్తోందా లేదా అని. వింటూనే ఉన్నాను. అయినా పొద్దున సంచీ సర్దాను." చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకోవలసి వచ్చింది.

ఏడు గంటల ఇరవై రెండు నిమిషాలకు ఆయన డాక్టరమ్మకు ఫోను చేశాడు. అందరికీ వినిపించేలా ఫోను బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, పద్దెనిమిదో నంబరు కారు పిల్ల తండ్రిని. సీజన్ మొదట్లో మీరు రాసుకున్న ఐదు అబద్ధం. దానికి పదీ వచ్చు. నేనే ఐదు చెప్పించాను. నిన్నటి ఐదు మాత్రం నిజం."

తరువాత డాక్టరమ్మ అడిగింది. వాంతి అయిందా? లేదు. మత్తుగా ఉందా? లేదు గానీ వెలుతురు పడటం లేదు. చేతులూ కాళ్లూ సమంగా కదులుతున్నాయా? నత్త చేతులెత్తి చూపింది, ఫోనుకు కనిపించదని గుర్తొచ్చి దించింది.

"వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, స్కాన్ చెయ్యాలి," అంది డాక్టరమ్మ. "దారిలో నిద్రపోయి లేపినా లేవకపోతే ఆంబులెన్సు పిలవండి. నేను నిర్వాహకులకు చెప్పాలి. విచారణ ఉంటుంది."

"శిక్ష ఏదైనా నాకు వెయ్యండి, పిల్లకి కాదు."

"అది నా చేతిలో లేదు. బయల్దేరండి."

నత్త అప్పుడు ఏడ్చింది. "ఎందుకు చెప్పావు నాన్నా?" అంది. కళ్లు తుడుచుకుని, "నువ్వు చెప్పకపోతే నేను చెప్పేదాన్ని కాదు," అంది.

"తెలుసు," అన్నాడు ఆయన.

కారు తల్లి నడిపింది. నాయనమ్మ, నత్త వెనక కూర్చున్నారు. నత్త కళ్లకు తండ్రి టోపీ అడ్డం పెట్టుకుంది. రెండు కూడళ్లు దాటేదాకా నాయనమ్మ ఆమె చెయ్యి వదల్లేదు.

"నిద్రపోకే నత్తా."

"పోవట్లేదు."

"ఏదో ఒకటి మాట్లాడు మరి."

"అమ్మా, ముప్పై దాటావు," అంది నత్త టోపీ కిందనుంచి.

"నోరు మూసుకుని కూర్చో," అంది తల్లి. ఒక్క క్షణం ఆగి, "కాదు, మాట్లాడుతూనే ఉండు," అంది.

ముందు సీట్లో తండ్రి హెల్మెట్ ఒళ్లో పెట్టుకున్నాడు. ఎడమ పక్కన చెవి పైభాగంలో అరచేయంత గీత ఉంది. ఆయన దాని మీద చెయ్యి పెట్టి ఉంచాడు.

ఎనిమిది గంటల యాభై నిమిషాలకు నత్తను స్కాన్ గదిలోకి తీసుకెళ్లారు. తలుపు పైన ఎర్ర దీపం వెలిగింది. తల్లి గోడ గడియారానికి ఎదురుగా నిలబడింది. తండ్రి నిలబడి, కూర్చుని, మళ్లీ నిలబడ్డాడు. "నువ్వు నన్ను తిట్టు," అన్నాడు భార్యతో. "ఇప్పుడు కాదు," అంది ఆమె. ఇరవై ఆరు నిమిషాల తరువాత దీపం ఆరింది. ఆ తరువాత ఇంకో నలభై ఆరు నిమిషాలు ఎవరూ ఏమీ చెప్పలేదు. నర్సు రెండుసార్లు వాళ్ల ముందు నుంచే వెళ్లింది. రెండుసార్లూ నాయనమ్మ లేచి నిలబడింది.

పది గంటల రెండు నిమిషాలకు డాక్టరు వచ్చాడు. లోపల రక్తస్రావం లేదు. మెదడుకు కుదుపు తగిలింది. రెండు రోజులు కనిపెట్టుకుని ఉండాలి. ఈ స్థితిలో ఇవాళ ఇంకో దెబ్బ తగిలి ఉంటే ఏమయ్యేదని తల్లి అడిగింది. ప్రాణానికే ప్రమాదమయ్యేదని డాక్టరు చెప్పాడు. ఆమె గోడకు ఆనుకుంది.

చక్రాల మంచం మీద నత్తను వార్డులోకి తెచ్చారు. కర్టెన్లు దించి ఉన్నాయి. తండ్రి మంచం పక్కన, కాస్త దూరంగా నిలబడ్డాడు.

"నాన్నా," అంది నత్త.

"చెప్పు తల్లీ."

"ముందు రెక్క మార్చాలి."

ఆయన చేతిలోంచి హెల్మెట్ జారి నేల మీద దొర్లింది. "నర్సు! నర్సూ..."

"నాన్నా, నాన్నా! ఊరికే అన్నాను. నాలుగోసారి. నువ్వు చెప్పింది గుర్తుందిగా, మూడుసార్లని." ఆమె చెయ్యి చాచింది. "దగ్గరికి రా."

ఆయన వచ్చాడు. మంచం పట్టీ మీద తల ఆనించి ఏడ్చాడు. నత్త ఆయన చెవి పట్టుకుని కూర్చుంది. "గాడిదా," అంది నాయనమ్మ, ఇద్దరిలో ఎవరినో చెప్పకుండా.

పదకొండు గంటలకు క్వాలిఫయింగ్ మొదలైంది. పందొమ్మిది కార్లకు పద్దెనిమిది ట్రాక్ మీదికి వెళ్లాయి. ఆ సమయానికి నాయనమ్మ మనవరాలికి ఐదు మాటలు చెప్పింది. దువ్వెన, మేకు, వాన, పళ్లెం, రైలు. పది నిమిషాలయ్యాక అడిగింది.

"దువ్వెన," అంది నత్త. "వాన. రైలు." కళ్లు మూసుకుంది. తెరిచింది. "అంతే."

తల్లి సంచీలోంచి బస్సు హాజరు పుస్తకం తీసి, వెనక అట్ట తిప్పింది.

"ఎంత రాయను?"

నత్త తండ్రి వైపు చూసింది.

"మూడే రాయమ్మా."

తల్లి తేదీ వేసి మూడు రాసింది. అప్పుడు సమయం పదకొండు గంటల పన్నెండు నిమిషాలు.