తొమ్మిదో క్యాసెట్టు

గోదావరిఖనిలో పెళ్ళికి ఫోటోలు ఎవరు తీసినా, వీడియోకు మాత్రం సంపత్‌నే పిలిచేవాళ్ళు. పెళ్ళికొడుకు తాళి కట్టి చెయ్యి తీశాక కూడా "బావా, మళ్ళొకసారి పట్టుకో, గిటు చూడు" అని కట్టినట్టు నటింపజేసే ఘనుడు. చుట్టాలు నవ్వేవాళ్ళు. ఎవరూ తప్పుపట్టలేదు.

సకల జనుల సమ్మె అయిపోయిన మరుసటి ఏడు, వానకాలం. ఆదివారం మధ్యాహ్నం ముసురు పట్టింది. తడిసిన బొగ్గుపొడి వాసన స్టూడియో లోపలికి కూడా వస్తోంది. ఓపెన్‌కాస్టు గనిలో పేల్చినప్పుడల్లా అద్దాల అల్మారా గణగణమంటోంది. అప్పుడు వచ్చింది కుబ్రా బేగం, గొడుగు మడుచుకుంటూ.

ఆమె సర్కారు బడిలో టీచరు. ఇరవై ఏళ్ళుగా హక్కుల సంఘం కాగితాలన్నీ ఆమె చేతి మీదే. సంఘం దగ్గరున్న పాత క్యాసెట్లు, ఫోటోలు, దరఖాస్తులు చెదలపాలు కాకుండా హార్డ్‌డిస్కులోకి ఎక్కిస్తోంది. వీడియోల పని సంపత్ చేసిపెడుతున్నాడు. పద్నాలుగు క్యాసెట్లలో పదమూడు అయిపోయాయి.

"తమ్మీ, తొమ్మిదోది ఏది?"

"అది బూజు పట్టిందక్కా. ఎన్నడో చెప్పిన గద."

"బూజు పట్టినా సరే, ఇయ్యి. హైదరాబాదుల ఒకాయన కడిగి బాగుచేస్తడట. ఎల్లుండే ఆగయ్య కేసు విచారణ. పోశవ్వ పోయె. ఆమె నోటిమాట ఆ ఒక్క దాంట్లనే ఉన్నది." గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "జిరాక్సులు తీయించుకొని గంటల వస్త. వెతికి పెట్టు, జర."

వెతకడానికి ఏముంది? క్యాసెట్టు ఎక్కడుందో సంపత్‌కు తెలుసు. దాని మీద ఏముందో కూడా తెలుసు.

ఎనిమిదేళ్ళ కింద, ఎండాకాలంలో, పోశవ్వ కొడుకు ఆగయ్యను హోటల్ ముందు చాయ్ తాగుతుంటే ముగ్గురు మనుషులు జీపులో ఎక్కించుకుపోయారు. నాలుగో రోజు గోదావరి ఒడ్డున శవమై తేలాడు. నీళ్ళల్లో పడి చచ్చాడని పోలీసులు రాశారు. కాల్చేలోపు దెబ్బలు వీడియో తీయాలని సంఘంవాళ్ళు సంపత్‌ను పిలిచారు. దవాఖాన వెనక గదిలో ఫినాయిల్ వాసన, ఈగలు. ముంజేతుల మీద, కడుపు మీద నల్లటి వాతలు. పోశవ్వ గుడ్డ ఎత్తి చూపిస్తూ, తీసుకుపోయిన ముగ్గురి పేర్లు చెప్పింది.

అక్కడ కూడా మన సంపత్ పెళ్ళి కెమెరామనే. "అవ్వా, లైటు సరిగ్గ రాలే. గుడ్డ మళ్ళొకసారి ఎత్తు" అన్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ తల్లి మొత్తం మూడుసార్లు ఎత్తింది, మూడుసార్లు ఏడ్చింది.

కాపీలు తీసి ఇమ్మని కుబ్రా ఆ క్యాసెట్టు అతని దగ్గరే ఉంచింది. రేపు, ఎల్లుండి అంటూ ఇరవై రోజులు గడిపాడు. ఇంతలో చెల్లె సంతోషి పెళ్ళి. భోజనాల దగ్గర రెండో బంతి కూర్చుంది, కెమెరాలో క్యాసెట్టు అయిపోయింది. సంచిలో కొత్తది లేదు. తొమ్మిదోది ఉంది. ముందు బంతి తీద్దాం, పోశవ్వతో మళ్ళొకసారి చెప్పించుకుంటే సరిపోతుంది అనుకున్నాడు. నిజంగా అలాగే అనుకున్నాడు! ఆగయ్య అప్పటికే బూడిదయ్యాడన్న సంగతి ఇంటికి వచ్చి చెప్పులు విడిచేదాకా తట్టలేదు.

పోశవ్వను మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు. బూజు పట్టిందని సంఘానికి చెప్పాడు. పోశవ్వకు అదీ చెప్పలేదు. కూరగాయల బజారులో కనపడ్డప్పుడల్లా ఆమె అడిగేది, "నా కొడుకు క్యాసెట్టు పైలంగున్నదా బిడ్డా?" అని. "ఉన్నదవ్వా" అనేవాడు. రెండేళ్ళ కింద ఆమె చచ్చిపోయిందని విన్నప్పుడు దుఃఖం కన్నా ముందు గుండె తేలికపడింది. ఆ తేలికకు ఇప్పటికీ సిగ్గుపడతాడు.

అల్మారా తీశాడు. నిజంగా బూజు పట్టిన క్యాసెట్టు ఒకటి ఏరాడు. దాని మీద తొమ్మిది అంకె ఉన్న చీటీ అంటిస్తే పని అయిపోతుంది. ఆ చీటీ కోసం అసలు క్యాసెట్టు తీసి, దాని మీది సంతోషి పెళ్ళి చీటీని బ్లేడుతో గీకితే కింద కుబ్రా చేతిరాత బయటపడింది. అంతలో ఆశ పుట్టింది. చివర్లో ఒక్క నిమిషమైనా చెరగకుండా మిగిలిందేమో!

షట్టరు సగం దించి, అసలు క్యాసెట్టునే ప్లేయరులో పెట్టాడు.

సన్నాయి. విస్తళ్ళు. కొమురెల్లి కాక మీసాలు తుడుచుకుంటున్నాడు. పక్కన పిల్లలు. కెమెరా లైటు ఒక్కొక్క మొహం మీదుగా జరుగుతోంది...

ఒకచోట ఆగింది.

తను అక్కడ ఆపలేదు. సంపత్‌కు బాగా గుర్తు.

తడి చొక్కా వేసుకున్న మనిషి. తల వంచుకొని ఉన్నాడు. విస్తట్లో అన్నం అలాగే ఉంది. ఇటూ అటూ జనం కలుపుకొని తింటున్నారు. ఆ మనిషి మెల్లగా రెండు ముంజేతులూ తిప్పి లైటు కిందకు పెట్టాడు.

వాతలు.

స్టూడియోలో ఫినాయిల్ వాసన మొదలైంది...

ఆ మనిషి చొక్కా ఎత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు. దించాడు. మూడోసారి ఎత్తి, లైటు సరిపోయిందా అన్నట్టు అలాగే పట్టుకున్నాడు. ఎవరూ అడగలేదు. సన్నాయి ఆగిపోయింది. విస్తళ్ళ చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

సంపత్ వేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు. భయం ఉంది, కాదనలేం. అంతకన్నా సిగ్గు ఎక్కువగా ఉంది. ఇప్పుడు ఆపితే రెండోసారి చెరిపినట్టే అనిపించింది.

షట్టరు గరగరమంది. కుబ్రా. ఆమె లోపలికి రాగానే తెర మీద మామూలు బంతి, మామూలు సన్నాయి.

"దొరికిందా?"

"అక్కా... బూజు అబద్ధం. నేనే చెరిపిన. మా సంతోషి పెళ్ళి తీసిన దాని మీద. అవ్వకు గూడ అబద్ధమే చెప్పిన."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. తడి గొడుగు గోడకు ఆనించి, కుర్చీ లాక్కొని కూర్చుంది.

"మొదటి నుంచి పెట్టు. ఏమున్నదో నా కండ్లతోని చూస్త."

వెనక్కి తిప్పి పెట్టాడు. విస్తళ్ళు, కొమురెల్లి కాక, పిల్లలు. తడి చొక్కా మనిషి ఉన్న చోట ఇప్పుడు ఎవరో బావమరిది గారె కొరుకుతున్నాడు. సంపత్ ఊపిరి పీల్చుకున్నాడు.

కుబ్రా సంచిలోంచి నోటుబుక్కు తీసింది. రాయడం మొదలుపెట్టింది.

"ఏం రాస్తున్నవక్కా?"

"ష్..."

"అక్కా, అది పెళ్ళి. బంతి కూర్చున్నరు, గంతే..."

"అవ్వ చెప్తున్నది. నువ్వు నడుమ మాట్లాడకు."

ఆమె తల ఎత్తలేదు. పేజీ తిప్పింది. ఇంకో పేజీ. బళ్ళో డిక్టేషన్ రాసే పిల్లలా ఆగి, విని, రాస్తోంది. సంపత్ చెవి స్పీకరుకు ఆనించాడు. సన్నాయి తప్ప ఏమీ లేదు. తెర మీద చెల్లె నవ్వుతోంది. అప్పగింతలు అయ్యాయి. కారు కదిలింది. నల్లటి తెర. అయినా ఆమె రాస్తూనే ఉంది.

అది అరవై నిమిషాల క్యాసెట్టు. కౌంటర్ మీద డెబ్బై రెండు దాటింది... ఇంకా తిరుగుతోంది.

అప్పుడు కుబ్రా కలం ఆగింది.

"దరఖాస్తుల ముగ్గురే అని రాసిన్నేను," అంది మెల్లగా. "నాలుగో పేరు చెప్తున్నది."

"ఎవరిది?"

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకొని, మళ్ళీ పెట్టుకుంది. నల్లటి తెర వైపు చూసి, వింటున్నట్టు తల ఊపింది. కాగితం మీద ఒక పేరు రాసి, దాని ముందు కొంచెం ఖాళీ వదిలింది.

"నీ ఇంటిపేరు ఏంది తమ్మీ?" అని అడిగింది.