మూడో సొరంగంలో ఈల

ఇవాబుచి ఘాట్‌లో పాత రోడ్డు మీద మూడో సొరంగం ఉంది చూశారూ, దానికి మంచి పేరు లేదు.

మా అత్తగారి కాలంలో ఆ దారిన బస్సు తిరిగేది. సొరంగం మరీ ఇరుకు. ఎదురుగా లారీ వచ్చిందంటే బస్సు వెనక్కి పోవలసిందే. కండక్టరమ్మ దిగి వెనక నిలబడి ఈల ఊదుతూ దారి చూపించేది. ఫీ... ఫీ... అని. ఒక వాన సాయంత్రం అలాగే ఈల ఊదుకుంటూ, అడుగు వెనక అడుగు వేసుకుంటూ బయటికొచ్చి... లోయలోకి జారిపోయింది.

ఆవిడ పేరు అత్తగారు చెప్పారు. నేనే మరిచిపోయాను. ఈ మధ్య పేర్లు ఇలాగే చేజారిపోతున్నాయి. అందుకే ఈ కథ మాత్రం ఉన్నపళంగా రాసి పెడుతున్నాను.

ఆనాటి నుంచి ఆ సొరంగంలోకి వెళ్ళే ప్రతివాళ్ళూ ముందు రెండుసార్లు హారన్ కొడతారు. వస్తున్నామమ్మా, ఊదకు తల్లీ, అన్నట్టు. కొడితే ఊదదు.

తోమోయె కొట్టింది. అయినా ఊదింది.

తోమోయె నా చిన్ననాటి స్నేహితురాలు. ఘాట్ అవతల ఉంటుంది. టైపిస్టుగా పనిచేసే రోజుల్లో రెండు పూటలా ఉడకేసిన నూడిల్సే తిని, డబ్బు కూడబెట్టి, నారింజ రంగు స్పోర్ట్స్ కారు కొంది. పొడుగాటి ముక్కు, రెండే సీట్లు. ఇప్పుడు కారుకి యాభై దాటాయి, తోమోయెకి అరవై ఏడు. ఇద్దరికీ చలికాలం పొద్దున లేవాలంటే కష్టమే.

ఆ కారుకి మూడు కార్బరేటర్లు. మూడూ ఒక్క గొంతుతో గాలి పీలిస్తేనే అది పరిగెత్తుతుంది. వాటిని సరిచేయడం మా చుట్టుపక్కల ఇసోబె మేస్త్రీ ఒక్కడికే వచ్చు. మీటర్లు గీటర్లు ఏమీ వాడడు. మూరెడు రబ్బరు గొట్టం ఒకటి... ఒక కొస కార్బరేటర్ నోటి దగ్గర, ఇంకో కొస తన చెవిలో. డాక్టరు రొమ్ము విన్నట్టు వింటాడు. "ఇది గొణుగుతోంది, అది నిద్రపోతోంది" అంటూ స్క్రూలు తిప్పుతాడు.

మేస్త్రీకి డెబ్బై తొమ్మిది. షెడ్డు మూసెయ్యమని కొడుకు పోరు. ఒకరోజు మా సోబా నూడిల్స్ దుకాణంలో అందరి ముందూ బల్ల చరిచి మరీ కొడుకుతో అన్నాడు.

"నా పనిముట్టు ఒక్కటి... ఒక్కటంటే ఒక్కటి... ఎవరి కారులోనైనా మరిచిపోయిన రోజున నా చేత్తో నేనే షట్టరు దించేస్తాను. అంతదాకా నోరు మూసుకో."

అనగలడు మరి. ఆ షెడ్డు గోడ నిండా మేకులు. ప్రతి మేకు కిందా పనిముట్టు ఆకారం తెల్లరంగుతో గీసి ఉంటుంది. గోడ మీద ఏ బొమ్మా ఖాళీగా లేదని చూసుకున్నాకే కారు తాళం చేతికిస్తాడు. యాభై ఏళ్ళుగా అదే పద్ధతి.

నవంబరులో ఒక సాయంత్రం. వాన. కారు సరిచేయించుకుని, మా దుకాణం ముందు ఆపింది తోమోయె.

"మేస్త్రీకి కాల్చిన చిలగడదుంపలు పట్టుకెళ్ళానే. తింటూ కబుర్లు చెబుతుంటే టైమే తెలీలేదు" అంది, సోబా పొట్లం కట్టించుకుంటూ.

"నీ కబుర్లకి మనుషులు ముసలివాళ్ళైపోతారు. కొత్త రోడ్డున పో, చీకటి పడింది" అన్నాను.

"ఘాట్ ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కి చూడమన్నాడు మేస్త్రీ. రేపు ఎలా ఉందో చెప్పాలట."

"మూడో సొరంగం..."

"రెండుసార్లు హారన్ కొడతాలే. నువ్వు గల్లాపెట్టె చూసుకో."

వెళ్ళింది. తరువాతది తోమోయె చెప్పినది చెప్పినట్టు.

అంతదాకా వానకి మెల్లగా నడిపి, సొరంగం ముందు రెండుసార్లు హారన్ కొట్టింది. లోపలికి దూరింది. సెకండ్ గేరులో యాక్సిలరేటర్ గట్టిగా నొక్కింది...

ఫీ...య్!

చప్పున కాలు తీసేసింది. ఈల ఆగిపోయింది.

గాలేమో అనుకుంది. మెల్లగా నొక్కింది. ఏమీ లేదు. ఇంకాస్త నొక్కింది...

ఫీ...య్!

చెవి పక్కనే. నొక్కితే ఊదుతోంది. వదిలితే ఊరుకుంటోంది. పారిపోదామని వేగం పెంచితే ఇంకా గట్టిగా ఊదుతోంది. నలభై ఐదేళ్ళు బండి నడిపిన మనిషి, ఆ కంగారులో క్లచ్ మరిచిపోయింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. సొరంగం నట్టనడుమ.

చీకటి. గోడల నుంచి నీటిచుక్కలు... టప్... టప్...

అప్పుడు, ముందు వైపు నుంచి, ఎక్కడో దూరంగా, చిన్నగా...

ఫీ.

అద్దంలోకి చూసింది. వెనక సొరంగం నోటి దగ్గర ఒంటి దీపం. దీపం పక్కన తెల్లగా ఒక ఆకారం. చెయ్యి ఊపుతోంది. రా... రా... అన్నట్టు. ఏదో అరుస్తోంది కూడా. ఆ అరుపు గోడలకి కొట్టుకుని "ఊ...ఊ..." అని మాత్రం వినిపిస్తోంది.

తాళం తిప్పింది. ఒకసారి... రెండుసార్లు... మూడోసారి కారుకి ప్రాణం వచ్చింది. ఇక చూడండి, ఈల వెంటపడి తరుముతుంటే ఇంటిదాకా కాలు తీయలేదట. సోబా పొట్లం సీటు మీదే ఒలికిపోయి, దాన్ని ఇద్దరూ పంచుకుతిన్నారు. ఆవిడ కొంత, కారు కొంత.

తెల్లవారాక ధైర్యం తెచ్చుకుని బానెట్ ఎత్తింది.

నడిమి కార్బరేటర్ నోట్లో ఒక కొస ఇరుక్కుని, ఇంకో కొస వేలాడుతూ... మేస్త్రీ రబ్బరు గొట్టం! కాలితో నొక్కితే ఇంజను దాన్ని పీలుస్తుంది, అది ఈల వేస్తుంది. అంతే.

నవ్వు వచ్చిందట. మరుక్షణం నవ్వు పోయిందట. ఒక్కటంటే ఒక్కటి అన్న మాట గుర్తొచ్చి.

కొత్త రోడ్డున నేరుగా నా దగ్గరికి వచ్చింది. గొట్టం చేతిసంచిలో ఉంది.

"నా చిలగడదుంపలే కొంప ముంచాయే. వాగి వాగి ఆయన్ని గోడ చూసుకోనివ్వలేదు. నువ్వు మేస్త్రీని మాటల్లో పెట్టు. నేను దీన్ని మేకుకి తగిలించేస్తాను."

"ఆయన షట్టరు దించేస్తే?"

"నా కారు ఇక బొమ్మే. ఆయనా అంతే."

వెళ్ళాం. షట్టరు సగం ఎత్తి ఉంది. మేస్త్రీ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, రాత్రంతా నిద్ర లేని మొహంతో. గోడ వైపు చూశాను. గొట్టం ఉండాల్సిన మేకుకి ఆయన టోపీ తగిలించి ఉంది.

"ఏం అమ్మాయ్" అన్నాడు తోమోయెని. ఎప్పుడూ అలాగే అంటాడు. "బండి... ఎలా ఉంది?"

"బండికేం, బంగారం. సొరంగంలో మాత్రం కండక్టరమ్మ కనిపించింది, మేస్త్రీ."

ఆయన మొహంలో రంగు మారింది. "కనిపించిందా?"

"ఈల ఊదింది. తెల్లబట్టలు కట్టుకుని..." అంటూ తోమోయె టక్కున ఆగింది. ఆమె కళ్ళు తలుపు పక్కకి పోయాయి. అక్కడ తెల్ల రెయిన్‌కోటు ఒకటి ఇంకా తడిగా వేలాడుతోంది. దాని కింద ఒంటి దీపం మోపెడ్, చక్రాల నిండా ఘాట్ మీది ఎర్రమట్టి.

నాకూ అప్పుడే అర్థమైంది. గొట్టం లేదని చూసుకుని, ఆ వానలో, తోమోయె కారు వెంట పడ్డాడన్నమాట. ఆగు, ఆగు అని అరుస్తూ.

తోమోయె నవ్వు బిగబట్టుకుంది. "...తెల్లబట్టలు కట్టుకుని చెయ్యి ఊపింది. కానీ మేస్త్రీ, కండక్టరమ్మంటే నాజూగ్గా ఉంటుందనుకున్నాను. పొట్టి మనిషి. దొడ్డికాళ్ళు. మీసాలు కూడా ఉన్నట్టున్నాయి."

మేస్త్రీ తన చేతులు చూసుకున్నాడు.

"ముసలిదైపోయింది పాపం" అన్నాడు చివరికి, మెల్లగా. "పని మానేస్తే మంచిదేమో."

"ఎందుకు మానెయ్యాలి?" అంది తోమోయె. "పది నిమిషాల్లోనే గుర్తొచ్చి, అంత వానలో వెనకే పరిగెత్తుకొచ్చిందిగా. నాకు నా కళ్ళజోడు గుర్తురావడానికి రెండు రోజులు పడుతుంది."

"అది కళ్ళజోడు. ఇది పని."

"అయితే ఆవిడకి చెప్పండి, ఇక మీదట చిలగడదుంపలు గోడ చూసుకున్నాకే తినమని."

ఆయన లేచాడు. మేకు మీది టోపీ తీసి తలకి పెట్టుకున్నాడు. తెల్లటి బొమ్మ ఖాళీగా బయటపడింది.

"టీ పెడతాను" అన్నాడు. "మూడు నిమిషాలు పడుతుంది. వెనక్కి తిరిగి చూడను."

మూడు నిమిషాలూ గోడవైపు వీపు తిప్పే నిలబడ్డాడు. టీ తెచ్చి, కప్పులు మాకిచ్చి, అప్పుడు మొదటి మేకు నుంచి చివరి మేకు దాకా వేలు పెట్టి లెక్క చూసుకున్నాడు. లెక్క సరిపోయింది. వెళ్ళి షట్టరు పూర్తిగా పైకెత్తాడు.

టీ తాగుతూ నేనే, ఊరుకోలేక, ఎగతాళిగా అడిగాను. "సరే కానీ మేస్త్రీ, ఇంజను ఆగిపోయాక కూడా ముందు వైపు నుంచి ఒక ఈల ఊదారట. అదెలా చేశారు?"

మేస్త్రీ కప్పు దించాడు.

"నేను వెనక ఉన్నాను. నా దగ్గర ఈల ఎక్కడిది?" అన్నాడు. "నేను కూడా విన్నాను. నువ్వు ఊదావేమో అనుకున్నాను, అమ్మాయ్."

తోమోయె నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను. గొట్టం మేకుకే ఉంది.

ఆ సొరంగంలోకి వెళ్ళేటప్పుడు నేను ఇప్పుడు హారన్ మూడుసార్లు కొడుతున్నాను.